నేను కుదించిన ఫైలు

శాలిబండలో ఒక సందు చివర, కిందంతా బట్టల గోదాము ఉన్న పాత ఇంట్లో, మొదటి అంతస్తులో సార్ ఉండేవారు. చూపులేని పిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయనకూ పుట్టుకతోనే చూపు లేదు. ఫోన్లో, కంప్యూటర్లో కనిపించే తెలుగును పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి, ఉద్యోగంలో ఉండగానే సొంతంగా మొదలుపెట్టారు. అది ఓపెన్ సోర్స్. అంటే దాని కోడ్‌ను ఎవరైనా చూడవచ్చు, ఊరికే వాడుకోవచ్చు, ఏదైనా బాగుచేసి ఆ మార్పును మాకు పంపవచ్చు. వచ్చిన మార్పును కలపాలా వద్దా అన్నది ప్రాజెక్టును చూసుకునేవాళ్లు తేల్చాలి. చాలా ఏళ్లు అలా చూసుకున్నది సార్ ఒక్కరే. తర్వాత నేను చేరాను.

సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. మా కంపెనీ యాప్ చూపులేనివాళ్లకు పనికొస్తుందో లేదో చూడమన్నప్పుడు ఈ ప్రోగ్రాం పెట్టుకుని విన్నాను. "డా." అని ఉన్నచోట డాక్టర్ అనకుండా "డా" అని ఆగిపోతోంది. ఆ సంగతి రాసి పంపితే గంటలో తెలుగులో జవాబు వచ్చింది. రెండు మూడు ఉత్తరాలు నడిచాక నేను గౌలిపురాలో ఉంటానని రాశాను. "అయితే నడిచి రావచ్చు. ఆదివారం పొద్దున రండి, చాయ్ తాగుదాం" అని రాశారు. ఆ ఆదివారం వెళ్లినదాన్ని ఆరేళ్లు వెళుతూనే ఉన్నాను.

మా నాన్న ప్రభుత్వ ఉద్యోగానికి తెనాలి వైపు నుంచి వచ్చి పాతబస్తీలో స్థిరపడ్డాడు. ఇంట్లో మాట ఒకటి, గుమ్మం దాటితే మాట ఒకటి. సార్ నా "అండీ"లకు నవ్వేవారు. ఆయన కోడ్ వినే తీరు మొదట్లో నాకు ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. గొంతు ఎంత వేగంగా పెట్టుకునేవారంటే నాకది కందిరీగ మోతలాగే ఉండేది. ఆ మోతలోంచి ఉన్నట్టుండి చెయ్యెత్తి, "ఆగు, గీడ బ్రాకెట్ మూయలే" అనేవారు. వెళ్లి చూస్తే నిజంగానే ఉండేది కాదు.

అక్కడికి ఆదివారాలు వచ్చే ఇంకొక మనిషి కుర్చీల అన్న. నయాపూల్ దగ్గర కోర్టు గదుల్లో, వకీళ్ల ఆఫీసుల్లో ఉన్న పాత కుర్చీలకు పేము అల్లేవాడు. ఆయనకూ చూపు లేదు. సార్ దగ్గర చదువుకున్న మొదటి పిల్లల్లో ఒకడు. యాభై దాటినా సార్ ముందు ఇంకా బడిపిల్లవాడిలాగే కూర్చునేవాడు. పెళ్లి కాలేదు. ఒక హాస్టల్లో వంట చేసే అక్కతో కలిసి లాల్‌దర్వాజ దగ్గర ఉండేవాడు. మా ప్రోగ్రాంను ఆయనంత ఎక్కువగా వాడినవాళ్లు లేరు. ఆయనన్ని తిట్లు తిట్టినవాళ్లూ లేరు.

ఒకరోజు మెట్లెక్కుతూనే మొదలుపెట్టాడు.

"సార్, మీ పెట్టె పాగల్ అయింది. డాక్టర్ చీటీ ఫొటో తీసి ఇందమంటే, 'ఒకటి మైనస్ సున్నా మైనస్ ఒకటి' అంటున్నది. గోళీ మింగాల్నా, కక్కాల్నా?"

సార్ పడీపడీ నవ్వారు. మందుల చీటీలో 1-0-1 అని రాస్తే పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని అర్థం. మధ్యలో గీతను మా ప్రోగ్రాం తీసివేత గుర్తు అనుకుంది. ఆ పూటే సార్ కోడ్ మార్చారు. మూడు అంకెలు, రెండు గీతలు కనిపిస్తే ఒక్కో అంకెనూ విడిగా, ఆగి ఆగి చదవాలి. అది సరిగ్గా నడుస్తోందో లేదో తనంతట తానే చూసుకునే చిన్న పరీక్షను, మేము టెస్టు అంటాం, దాన్నీ రాశారు. ఆ తర్వాత కుర్చీల అన్నకు చీటీ చదవడానికి ఎవరి అవసరమూ లేకపోయింది. మొదటి అంకె పొద్దుటిది, రెండోది పగటిది, మూడోది రాత్రిది అని వేళ్లు మడుచుకుని వినేవాడు.

ఏఐతో కోడ్ రాయించడం మొదలయ్యాక మా ప్రాజెక్టు పని తీరే మారిపోయింది. అంతకుముందు నెలకు రెండో మూడో మార్పులు వచ్చేవి. ఇప్పుడు రోజూ రాసాగాయి. తెలుగు ఒక్క మాట కూడా వినని వాళ్లు, ఎక్కడో కూర్చుని, ఈ ప్రాజెక్టులో ఏదైనా బాగుచేసి పంపు అని ఏఐ సహాయకుడికి చెబితే అది చేసి పంపేది. ప్రతిదానికీ ముందు పేజీ పొడుగు వివరణ, శీర్షికలు, చుక్కలు పెట్టిన జాబితాలు. కళ్లున్నదాన్ని కాబట్టి నేను చూపు అలా జార్చి పనికొచ్చేది ఏదో తెలుసుకోగలను. సార్ ప్రతి అక్షరమూ వినాలి. విని, ప్రతివాళ్లకూ మర్యాదగా జవాబు రాసేవారు.

"మనిషి రాసిన కోడ్ల తప్పుంటే చెవికి తగుల్తదమ్మా" అన్నారొకసారి. "తడబడ్డ జాగ ఎరుకైతది. ఇదేమో అంతా నున్నగ పోతది. తప్పు గూడ నున్నగనే ఉంటది."

అప్పుడే సూచనల ఫైలు సంగతి నేను చెప్పాను.

"ఈ ఏఐలు పని మొదలుపెట్టే ముందు ప్రాజెక్టులో ఒక ఫైలు చదువుతాయి సార్. ఇక్కడ ఏం చేయాలి, ఏం చేయకూడదు అని మామూలు మాటల్లో రాసిపెడితే చాలు. చాలా ప్రాజెక్టుల్లో పెడుతున్నారు."

"చదువుతయా? మనుషులకు రాసిపెడితే చదువలే గద."

"ఇవి చదువుతాయి."

"అయితే రాయి, చెప్త."

ఐదు ఆదివారాలు చెప్పారు. నేను లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని రాశాను. రూలు ఒకటి చెప్పి ఊరుకునే మనిషి కాదు. అది ఎందుకు వచ్చిందో, ఎవరికి ఏమైతే వచ్చిందో అంతా చెప్పేవారు. ఫోన్ నంబరును కోట్లలో లక్షల్లో చదవకు, ఫలానా ఊరి పంతులమ్మ నంబరు కలపలేక ఏడ్చింది. పొట్టి అక్షరాలు దేనికి గుర్తో తెలియకపోతే ఉన్నవి ఉన్నట్టు పలుకు, ఊహించి పలకకు. 1-0-1 గురించే అరపేజీ ఉంది. ఇది తీసివేత కాదు, తేదీ కాదు. మందుల చీటీ. మూడు అంకెలూ చదవాలి, సున్నాను ఎన్నడూ వదలకూడదు, వినేవాళ్లు ఎన్నో అంకె అని లెక్కపెట్టుకుని మందు వేసుకుంటారు. టెస్టుల గురించి ఇంకో అరపేజీ. నువ్వు చేసిన మార్పు టెస్టులో తప్పితే టెస్టును మార్చకు. ఆ టెస్టు వెనుక ఒక మనిషి ఉన్నాడు. ముందు మమ్మల్ని అడుగు.

కుర్చీల అన్న ఒక మూల కూర్చుని చాయ్ ఊదుకుంటూ విన్నాడు.

"ఎవరికి చెప్తున్నరు సార్ గీ పాఠం?"

"మిషన్‌కు రా."

"మిషన్‌కు మస్తు ఓపికగ చెప్తున్నరు. నాకు ఎక్కాలు చెప్పేటప్పుడు బెత్తం ఇరిగిపాయె."

"నువ్వు మిషన్ లెక్క ఇన్నవారా ఎన్నడన్న?"

ఆ ఫైలు పెట్టాక కొన్ని నెలలు నిజంగా తేడా కనిపించింది. అర్థంలేని మార్పులు తగ్గాయి. కొన్నిటి వివరణలో "ప్రాజెక్టు సూచనల ప్రకారం" అని సార్ చెప్పిన కారణాన్నే రాసి ఉండేది. అది విని ఆయన సంబరపడ్డారు. బడి మళ్లీ మొదలైనట్టుందమ్మా అన్నారు.

ఆ చలికాలం ఆయన చెవుల్లో మోత మొదలైంది. పగలంతా ఆగకుండా ఈల వేసినట్టు ఉంటోందన్నారు. ఎన్నో ఏళ్లు ఇయర్‌ఫోన్లలో ఆ వేగంతో విన్నందువల్లేనని, రోజుకు గంట మించి వినవద్దని డాక్టరు చెప్పాడు. వచ్చిన మార్పులు చూసి కలిపే పని పూర్తిగా నాకు అప్పగించారు. నాకు ఆఫీసులో అప్పుడు ఊపిరాడని రోజులు. మా జట్టులో సగంమందిని తీసేశారు, వాళ్ల పని మిగిలినవాళ్ల మీద పడింది.

అలాంటప్పుడు, మా ప్రాజెక్టుకు అంతకుముందు మంచి మార్పులే పంపిన ఒకాయన రాశాడు. మీ సూచనల ఫైలు మరీ పొడుగ్గా ఉంది, ఇంత ఉంటే ఏఐ సహాయకులు సగం పట్టించుకోవు, దీన్ని కుదించండి అని. నేను అక్కడా ఇక్కడా చదివి చూశాను. అందరూ అదే అంటున్నారు. పొట్టిగా, సూటిగా రాయాలి, కథలు పెట్టకూడదు. నాకూ సబబే అనిపించింది. మధ్యాహ్నం భోజనం చేస్తూ, ఆ ఫైలును ఏఐకే ఇచ్చి, ముఖ్యమైనది ఏదీ పోకుండా పొట్టిగా చేయమన్నాను. పెరుగన్నం పూర్తికాకముందే చేసి ఇచ్చింది. సార్ ఐదు ఆదివారాలు చెప్పినది ఒక్క పేజీ అయింది.

అంకెల గురించిన భాగమంతా కలిసి ఒక్క వాక్యం: "సంఖ్యలను సందర్భాన్ని బట్టి సహజంగా చదవాలి." టెస్టుల గురించి ఇంకో వాక్యం: "మార్పు పంపే ముందు టెస్టులన్నీ నెగ్గాలి." రెండుసార్లు చదివాను. ఏదీ తప్పు కాదు. చూడటానికి ఎంత శుభ్రంగా ఉందంటే, ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, నాకు గర్వంగా కూడా అనిపించింది.

సాయంత్రం సార్‌కు ఫోన్ చేసి చదివి వినిపించాను.

"మన కతలన్ని పాయె" అన్నారు.

"కథలు మనకు తెలుసు కదా సార్. దానికి రూలు చాలు."

"నీకు మంచిగనిపిస్తే పెట్టమ్మా. నాకు ఇనుడే కష్టమైతున్నది."

పెట్టేశాను.

నెల తిరక్కుండా ఆయనే, ఆ ఉత్తరం రాసినాయనే, ఇంకో మార్పు పంపాడు. సంఖ్యలు చదివే కోడ్ నాలుగైదు చోట్ల చెదురుమదురుగా ఉంటే అంతా ఒకచోటికి చేర్చాడు. చేర్చింది ఏఐ, పంపింది ఆయన. వివరణ పొందికగా ఉంది. అనవసరమైన సున్నాలను తొలగించడం వల్ల చదవడం మరింత సహజంగా ఉంటుంది అని ఒక ముక్క. కాలం చెల్లిన మూడు టెస్టులను కొత్త పద్ధతికి తగ్గట్టు సరిచేశాం అని ఇంకో ముక్క. టెస్టులన్నీ నెగ్గినట్టు పక్కన పచ్చటి టిక్కులు. రెండు మీటింగుల మధ్య తెరిచాను. కిందిదాకా జరిపి చూసి, ఆమోదించే బటన్ నొక్కాను. పదిరోజుల్లో కొత్త వెర్షన్ అందరి ఫోన్లలోకీ వెళ్లింది.

కుర్చీల అన్నకు షుగర్ ఎప్పటినుంచో ఉంది. గోళీలకు లొంగడం లేదని ఆ నెలలోనే డాక్టరు ఇన్సులిన్‌కు మార్చాడు. పెన్ను ఆకారంలో ఉండే సూది. వెనుక మూత తిప్పితే ఒక్కో యూనిట్‌కు ఒక్కో టిక్కు మోగుతుంది. ఆస్పత్రిలో నర్సు టిక్కులు లెక్కపెట్టడం నేర్పింది. ఆ ఆదివారం జేబులోంచి తీసి మాకు వినిపించాడు.

"చూడు చెల్లె, టిక్కు, టిక్కు. కండ్లతోని పనే లేదు. ఈ వారం పొద్దున ఒక్కపారే ఏసుకోమన్నరు, పది. రక్తం చూసినంక లెక్క మారుస్తరంట. ఫోన్ల మెసేజ్ పంపుతమన్నరు."

"కొత్త మందు. జాగ్రత్త రా" అన్నారు సార్.

"ఫికర్ చెయ్యకుండ్రి. మీ పెట్టె చెప్తది గద."

మంగళవారం మెసేజ్ వచ్చింది. శుక్రవారం సాయంత్రం నయాపూల్ దగ్గర ఆయన పడిపోయాడు.

ఆ రోజు ఏం జరిగిందో అక్కడ తాళాలు బాగుచేసే ఒకాయన తర్వాత నాకు చెప్పాడు. ఎండ ఇంకా తగ్గలేదట. ఈయన కోర్టు వైపు నుంచి వస్తూ తూలాడట. ఎవరో పట్టుకోబోతే, నాలుక మడతపడి ఏదో అన్నాడట, చెయ్యి విదిలించాడట. పళ్లబండ్ల పక్కన కూలబడ్డాడు. తెల్లకర్ర ఎటో దొర్లిపోయింది. చూసినవాళ్లు తాగి పడ్డాడనుకున్నారు. ఒకతను బండికి అడ్డం లేకుండా కాళ్లు పక్కకు జరిపి పోయాడు. గంటకు పైగా అలాగే ఉన్నాడు. తాళాల ఆయన దుకాణం సర్దుకుని వెళుతూ ముఖం చూశాడు.

"మై బోలా, అరే, యే తో అప్నే కుర్సీవాలే భాయ్ హై! యే కబ్ పియే?" అన్నాడు నాతో, మన కుర్చీల అన్న తాగింది ఎన్నడని, ఇప్పటికీ ఆ జనం మీద కోపం పోనట్టు. ఆయనే ఆటోలో వేసుకుని పెద్దాస్పత్రికి తీసుకుపోయాడు.

రక్తంలో చక్కెర పూర్తిగా పడిపోయింది. చాలాసేపు మెదడుకు అందాల్సింది అందలేదన్నారు డాక్టర్లు. మూడో రోజుకు కళ్లు తెరిచాడు. మేము ఆస్పత్రికి వెళ్లినప్పుడు సార్ గొంతు గుర్తుపట్టాడు. నా గొంతు గుర్తుపట్టడానికి కొంచెం సమయం పట్టింది.

తర్వాతి ఆదివారం ఆయన అక్క ఫోన్ పట్టుకుని సార్ ఇంటికి వచ్చింది. నేనూ ఉన్నాను. ఆమె చదువుకోలేదు. కుర్చీ వేస్తే కూర్చోకుండా, గోడకు ఆనుకుని నిలబడి చెప్పింది.

"డాక్టర్లు అడుగుతున్నరు సార్. పగటీలి సూది ఎవరు ఏసుకోమన్నరని. మేము రాయలేదంటున్నరు. వీడేమో ఫోన్ చెప్పినట్టే ఏసుకుంటుండె. గిది ఏమంటదో మీరే ఇనుండ్రి."

సార్ ఫోన్ అందుకుని మెసేజ్ మీద వేలు పెట్టారు. మా ప్రోగ్రాం గొంతు, మాకు బాగా తెలిసిన గొంతు, ఇన్సులిన్ పేరు చదివి, "పద్నాలుగు, ఎనిమిది" అంది.

"తెర మీద ఏమున్నదమ్మా?" అని నన్ను అడిగారు.

తీసుకుని చూశాను. 14-0-8 అని ఉంది.

"పద్నాలుగు, సున్నా, ఎనిమిది" అన్నాను.

సార్ మళ్లీ వేలు పెట్టారు. పద్నాలుగు, ఎనిమిది. మూడోసారి పెట్టారు. పద్నాలుగు, ఎనిమిది.

"సున్నా ఏదీ?" అన్నారు.

ఆమె మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "సున్నా అంటే ఏం లేనట్టే గద సార్? చదువకుంటే ఏమాయె?"

"పగటీలికి ఏం లేదు అని చెప్పేది ఆ సున్నానే అక్కా" అన్నారు సార్. ఆయన గొంతు చాలా మెల్లగా ఉంది. "రెండే అంకెలు ఇన్నడు. పొద్దున పద్నాలుగు, పగటీలి ఎనిమిది అనుకున్నడు. రాత్రిది పగటీలి ఏసుకున్నడు. పొద్దుటి సూది ఇంకా పనిచేస్తుండంగనే, దాని మీద ఇది."

అప్పటికే నాకు గుర్తొచ్చింది. రెండు మీటింగుల మధ్య తెరిచిన ఆ మార్పు, అనవసరమైన సున్నాలు అన్న ముక్క, అన్నీ గుర్తొచ్చాయి. అప్పుడే నోరు తెరిచి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఏమో, ఇంకేదైనా కారణం ఉంటుందేమోనని అనుకున్నాను. అనుకున్నానంటే అంతా నిజం కాదు. ఉండాలని కోరుకున్నాను.

సార్ లేచి కంప్యూటర్ దగ్గర కూర్చున్నారు. ప్రోగ్రాంలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అంతా దాంట్లో దాఖలై ఉంటుంది. ఎప్పుడూ పెట్టుకునే వేగం తగ్గించి, ఇయర్‌ఫోన్లు తీసేసి, బయటికి వినిపించేట్టు పెట్టారు. ఆమెకు కూడా తెలియాలని అలా చేశారనుకుంటాను. గొంతు ఒక్కో మార్పు పేరే చదువుకుంటూ పోయింది. సంఖ్యలు చదివే భాగం సరళీకరణ అన్నచోట ఆపారు. పంపినవారి పేరు చదివింది. తర్వాత, "ఆమోదించినవారు" అని, ఒక క్షణం ఆగి, నా పేరు, ఇంటిపేరుతో సహా చదివింది. ఎంత స్పష్టంగా పలికిందో. మొదట్లో నా ఇంటిపేరు దగ్గర తడబడుతుంటే సార్ కూర్చుని సరిచేసిన పేరు అది.

ఆమె నా వైపు తిరిగింది. "నీ పేరే గద బిడ్డా?"

"నాదే అక్కా."

"నువ్వు సూడలేదా?"

"చూశాను. చదవలేదు."

ఆమె అరిచి ఉంటే బాగుండునని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఫోన్‌ను కొంగులో చుట్టుకుంది. "వానికి బువ్వ తినిపియ్యాలె సార్, చెయ్యి నోటికాడికి పోతలేదు" అని చెప్పి మెట్లు దిగిపోయింది.

మేమిద్దరం కూర్చుని పాత కోడ్‌ను వెనక్కి తెచ్చాం, టెస్టులను ఉన్నట్టు పెట్టాం, మధ్యాహ్నం కాకముందే కొత్త వెర్షన్ వదిలాం. చీటీలు విని మందు వేసుకునేవాళ్లందరూ ఇంకెవరిచేతనైనా మళ్లీ చదివించుకోవాలని హెచ్చరిక రాశాం. నేను సార్ చెప్పిన పొడుగు ఫైలును తిరిగి పెట్టాను. పని అంతసేపూ ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. లేచి వస్తుంటే, "నేను గూడ ఇన్న గద ఆ చిన్న ఫైలు. వద్దనలే" అన్నారు. నన్ను తేలికపరచడానికే అన్నారని తెలుసు. సందు దాటాక ఒక దుకాణం అరుగు మీద కూర్చుండిపోయాను. దుకాణదారు నీళ్లు ఇచ్చాడు.

ఆ మార్పు పంపినాయన క్షమాపణ రాశాడు. నాలుగు పేరాలు, పైన ఒక శీర్షిక. సార్ సగం విని ఆపేశారు. "ఇది గూడ ఆ మిషనే రాసింది" అన్నారు. కావచ్చు, కాకపోవచ్చు. ఆయన నిజంగా బాధపడే ఉంటాడు. బటన్ నొక్కింది ఆయన కాదు.

రెండు నెలలకు సార్ ప్రాజెక్టు మూసేశారు. కోడ్ కనిపిస్తుంది కానీ ఎవరి మార్పులూ తీసుకోము అని ఒక వాక్యం రాయించారు. "ఇగ నాతోని గాదమ్మా" అన్నారు. చెవుల మోత పెరిగింది. ఇప్పుడు ఫోన్ కూడా పెద్దగా వాడరు. నేను వెళితే మాట్లాడతారు. కోడ్ గురించి మాత్రం ఎత్తరు, నేనూ ఎత్తను.

అయితే ఓపెన్ సోర్స్ కోడ్ మేము మూస్తే మూతపడేది కాదు. ఆ మధ్యకాలంలో దాన్ని నకలు తీసుకుని తమ యాప్‌లలో పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర సున్నా లేని కోడే ఉంది, దాని పక్కన నేను కుదించిన ఫైలే ఉంది. వెతికి వెతికి ఒక్కొక్కరికీ రాస్తున్నాను. కొందరు సరిచేశారు. కొందరు జవాబివ్వలేదు. ఒకచోట నుంచి మీ సూచనకు ధన్యవాదాలు అని వచ్చింది, కోడ్ మాత్రం అలాగే ఉంది. ఆ యాప్ ఎవరి ఫోన్లో ఉందో, ఎవరి చీటీ చదువుతోందో నాకు తెలిసే దారి లేదు.

కుర్చీల అన్న ఇంటికి వచ్చాడు. నడుస్తాడు, తింటాడు. కుడిచెయ్యి వణుకుతుంది. ఒక వకీలు పాత కుర్చీ ఒకటి ఇంటికే పంపాడు, మెల్లగా చేసుకొమ్మని. మొదటి రెండు వరుసలు వేళ్లు వాటంతట అవే అల్లాయి. మూడో పోగు ఎటు పోవాలో తోచక, రంధ్రాలు తడుముకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. వాళ్ల అక్క వచ్చి కుర్చీ పక్కకు జరిపింది. మొన్నటి సంగతులు ఆయనకు నిలవవు. పడిపోయిన రోజు, దాని చుట్టుపక్కల రోజులు అసలే లేవు.

ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికే నేను వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఫైలు కుదించడం, చదవకుండా నొక్కడం, అంతా. తల వంచుకుని విన్నాడు.

"పోనీ తియ్ చెల్లె" అన్నాడు. "జాన్‌కే, కావాల్నని చేసినవా ఏంది?"

మరుసటి వారం వెళ్లినప్పుడు చాయ్ తాగుతూ, "చెల్లె, నాకేమైంది? అక్కనడిగితే చెప్తలేదు" అన్నాడు. మళ్లీ మొదటినుంచి చెప్పాను. ఈసారి కోపమొచ్చింది. గ్లాసు విసిరాడు. "అంత సదువు సదివి, మూడంకెలు సూడరాకపాయెనా?" అన్నాడు. ఆ పై వారం ఆ కోపమూ గుర్తులేదు, నేను చెప్పిందీ గుర్తులేదు. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. ఆ రోజు ఏడ్చాడు.

గుమ్మం బయటికి వచ్చాక వాళ్లక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఇగ చెప్పకు బిడ్డా. నువ్వు చెప్పినప్పుడల్ల వానికి గది కొత్తగనే ఉంటది. నీకు బరువు దిగుతదేమో, వాడు రాత్రంత మూల్గుతడు."

ఆమె అన్నది నిజం. నేను చెబుతున్నది ఆయన కోసం కాదని ఆమె ముందే కనిపెట్టింది.

ఇప్పటికీ ఆదివారాలు వెళుతున్నాను. ఆమె బజారుకు పోయి వచ్చేదాకా ఆయన దగ్గర కూర్చుంటాను. మొన్న కూడా అడిగాడు.

"చెల్లె, నాకేమైంది?"

"షుగర్ పడిపోయింది అన్నా."

"ఎట్ల పడ్డది?"

"ఎండలో నడిచావు కదా."

"అవ్ గదా" అన్నాడు. "జర నీళ్లియ్యి."